పందొమ్మిదేళ్ల షార్ట్‌స్టాప్‌లో ఏం చూడాలి?

ప్రశ్న: అన్నా, నమస్తే. మేం ఈమధ్యే టెక్సస్‌లోని ఫ్రిస్కోకి వచ్చాం. ఆఫీసులో అందరూ ఇక్కడి రఫ్‌రైడర్స్ బేస్‌బాల్ జట్టులో షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ఆడే కుర్రాడి గురించే మాట్లాడుకుంటున్నారు. సరే చూద్దామని మా అబ్బాయిని తీసుకుని వెళ్లాను. నాకు క్రికెట్ తప్ప ఇంకేదీ తెలియదు. ఆ కుర్రాడు ఆ రోజు ఒక్క హిట్ కూడా కొట్టలేదు, పైగా తేలికైన బంతి ఒకటి వదిలేశాడు. అయినా పక్క సీట్లో పెద్దాయన "ఇతను పెద్ద ఆటగాడవుతాడు" అన్నాడు. ఏం చూసి అలా అంటారు? మావాడేమో అతని పేరున్న జెర్సీ కొనిపెట్టమని ఒకటే గొడవ.

జవాబు: తమ్ముడూ, ఆ పెద్దాయన ఊరికే అని ఉండడు. మైనర్ లీగ్ అంటే మేజర్ లీగ్ జట్లకు కుర్రాళ్లను తయారుచేసే చోటు, అక్కడి ఆటలో ఎవరు గెలిచారన్నది రెండో సంగతి. అక్కడ ప్రతివాడూ పై మెట్టు ఎక్కడానికి ఆడుతున్నాడు. మేజర్ లీగ్‌లో ఉన్న 30 జట్లలో ఒక్కోదాని కింద సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ అని నాలుగు మెట్లు ఉంటాయి. మన ఫ్రిస్కోది టెక్సస్ రేంజర్స్ వాళ్ల డబుల్-ఏ. దాని పైన ట్రిపుల్-ఏ జట్టు రౌండ్ రాక్, ఆపైన ఆర్లింగ్టన్‌లో ఆడే రేంజర్స్ అసలు జట్టు. కుర్రాళ్ల అసలు సత్తా బయటపడేది ఈ డబుల్-ఏలోనే అని నా నమ్మకం. కింది మెట్లలో పిచర్లు (మన బౌలర్లలాంటివాళ్లు) వేగంతో నెట్టుకొస్తారు. ఇక్కడికొచ్చేసరికి బంతిని వంచడం, వంచిన బంతిని అనుకున్న చోట వేయడం కూడా వచ్చేసి ఉంటుంది.

బ్యాటింగ్ సగటు చూసేముందు ఆ కుర్రాడు పుట్టిన తేదీ చూడు. ఫ్రిస్కో ఆడే టెక్సస్ లీగ్ బ్యాటర్లలో ఎక్కువమంది 22 నుంచి 25 ఏళ్ల వాళ్లు, చాలామంది కాలేజీలో బాగా ఆడి వచ్చినవాళ్లు. వాళ్ల మధ్య 19 ఏళ్ల పిల్లాడు నిలదొక్కుకున్నాడంటేనే గొప్ప. బహామాస్ నుంచి వచ్చిన సెబాస్టియన్ వాల్కాట్ 2025 సీజనంతా ఆ వయసులో ఫ్రిస్కోలోనే ఆడాడు. సగటు .255, అంటే వెయ్యి ప్రయత్నాల్లో 255 హిట్ల లెక్క. ఆ ఒక్క అంకె చూస్తే ఎవరికీ ఏమీ అనిపించదు. కానీ 13 హోమ్ రన్లు, 32 స్టీల్స్ (పిచర్ కన్నుగప్పి తర్వాతి బేస్‌కు పరిగెత్తడం) ఉన్నాయి. పదిసార్లు బ్యాటింగ్‌కి వస్తే ఒకసారికి పైగానే వాక్ (నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఊరికే మొదటి బేస్‌కు వెళ్లడం) తీసుకున్నాడు. తనకంటే నాలుగైదేళ్లు పెద్ద పిచర్ల ముందు అంత ఓపిక చూపించడం నాకైతే హోమ్ రన్లకంటే ముఖ్యమనిపించింది.

అలాగని వయసొక్కటే హామీ ఇవ్వదు. ఇదే ఊళ్లో ఎల్విస్ ఆండ్రూస్ 2008లో 19 ఏళ్లకు ఆడాడు. మరుసటి ఏడాదే రేంజర్స్ అతన్ని పైకి తీసుకుని, అతనికి షార్ట్‌స్టాప్‌లో చోటు కోసం అప్పుడే గోల్డ్ గ్లవ్ (ఉత్తమ ఫీల్డర్ అవార్డు) అందుకున్న మైకేల్ యంగ్‌ను మూడో బేస్‌కు మార్చారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కడ ఆండ్రూసే. 2012లో అదే వయసుకు జురిక్సన్ ప్రొఫార్ వచ్చాడు. ఆ సెప్టెంబరులో మేజర్ లీగ్‌లో మొదటిసారి బ్యాట్ పట్టగానే హోమ్ రన్ కొట్టాడు. 2013లో బేస్‌బాల్ అమెరికా పత్రిక దేశంలోకెల్లా నంబర్ వన్ ప్రాస్పెక్ట్ (పైకొస్తాడనుకునే కుర్రాడు) అంది. తర్వాత భుజం దెబ్బతిని 2014, 2015లో మేజర్ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. అతను ఆల్-స్టార్ (ఆ ఏటి మేటి ఆటగాళ్లలో ఒకడు) అయ్యేసరికి 2024 వచ్చింది, అదీ శాన్ డియేగోలో, అవుట్‌ఫీల్డర్‌గా (బౌండరీ వైపు ఫీల్డర్‌గా). చూసినవాళ్లు ప్రొఫార్ విషయంలో పొరబడలేదు, ఆ ఆట అతనిలో నిజంగానే ఉంది. శరీరం సహకరించలేదు. అందుకే ఆఫీసులో ఎవరైనా "ఇతను గ్యారంటీ" అంటే విని ఊరుకో.

ఇక మైదానంలో చూడాల్సింది. మొదటి బేస్ వైపు సీటు తీసుకో, షార్ట్‌స్టాప్ నీకు ఎదురుగా ఉంటాడు, విసిరే ప్రతి బంతీ నీవైపే వస్తుంది. పిచర్ బంతి వేసే క్షణంలో అందరి కళ్లూ పిచర్ మీదే ఉంటాయి. నువ్వు మాత్రం షార్ట్‌స్టాప్ కాళ్లు చూడు. మంచివాడు పిచర్ చెయ్యి కదలగానే రెండు చిన్న అడుగులు ముందుకు వేసి, బంతి బ్యాటర్‌ని చేరేసరికి చిన్నగా ఎగిరి మునివేళ్ల మీద దిగుతాడు. పాయింట్‌లో రవీంద్ర జడేజా నిలబడే తీరు గుర్తు తెచ్చుకో, అదే పద్ధతి. మడమల మీద నిలబడినవాడు ఎంత వేగంగా పరిగెత్తేవాడైనా మొదటి అడుగు ఆలస్యంగా వేస్తాడు. ఈ సంగతి ఏ స్కోరుకార్డులోనూ ఉండదు.

తర్వాత, మూడో బేస్ వైపు లోతుగా వెళ్లే గ్రౌండ్ బాల్ కోసం ఎదురుచూడు. అక్కడినుంచి మొదటి బేస్‌కు 120 అడుగుల పైమాటే. కుడిచేతి బ్యాటర్ సగటున 4.3 సెకన్లలో మొదటి బేస్ చేరతాడు. బంతి దొర్లుకుంటూ వచ్చేసరికే అందులో చాలా భాగం అయిపోతుంది. మిగిలిన కాస్త సమయంలో అతను కుడికాలు నేలలో గట్టిగా నాటి, గ్లవ్‌లోంచి బంతి తీసి, ఒక్క అడుగు కూడా వృథా చేయకుండా విసరాలి. చేతిలో బలం లేనివాడు ఇక్కడ దొరికిపోతాడు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, బ్యాట్‌కు బంతి తగిలినప్పటి నుంచి బ్యాటర్ కాలు మొదటి బేస్ మీద పడేవరకు మీ అబ్బాయిని కొలవమను. స్కౌట్లు (జట్ల కోసం కొత్త ఆటగాళ్లను వెతికేవాళ్లు) చేసేదీ అదే పని.

ఆ వదిలేసిన బంతి గురించి టెన్షన్ వద్దు. న్యూయార్క్ యాంకీస్ దిగ్గజం డెరెక్ జీటర్ 19 ఏళ్ల వయసులో, 1993లో, గ్రీన్స్‌బరో మైనర్ లీగ్ జట్టులో ఒక్క సీజన్‌లోనే 56 ఎర్రర్లు (ఫీల్డింగ్ తప్పులు) చేశాడు. తర్వాత మేజర్ లీగ్‌లో అదే షార్ట్‌స్టాప్ స్థానంలో ఐదు గోల్డ్ గ్లవ్‌లు తీసుకున్నాడు, 2020లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నికయ్యాడు. ఎన్ని ఎర్రర్లని కాకుండా ఎలాంటివో చూడు. అందని బంతిని పరిగెత్తి అందుకుని తొందరలో వంకరగా విసిరితే అది వయసుతో సర్దుకుంటుంది. ఎదురుగా వచ్చిన బంతికి చేతులు బిగుసుకుపోతుంటే మాత్రం ఆలోచించాలి.

బ్యాటింగ్‌లో ఒక్కటే చూడు: బయటికి, కిందికి జారిపోయే స్లయిడర్‌కి బ్యాట్ తిప్పుతున్నాడా? రెండు స్ట్రైకుల తర్వాత (మూడోది పడితే స్ట్రైకౌట్, అంటే అవుట్) ఆ బంతిని వదిలేయగలిగితే కుర్రాడికి కళ్లున్నట్టే. ఏప్రిల్‌లో తిప్పినవాడు ఆగస్టుకి వదిలేస్తుంటే ఇంకా మంచిది, నేర్చుకుంటున్నాడన్నమాట. వంద సార్లు వస్తే ముప్పైకి పైగా స్ట్రైకౌట్లున్నవాడి మీద నాకు అనుమానమే.

ఇంటర్నెట్‌లో స్కౌట్ల రిపోర్టులు చదివితే 20 నుంచి 80 వరకు మార్కులు కనిపిస్తాయి. 50 అంటే మేజర్ లీగ్ సగటు. 40/60 అని రాస్తే ముందుది ఇవాళ్టి ఆట, వెనకది ముందు ముందు రాగలదని వాళ్ల అంచనా. ఆ రెంటి మధ్య దూరం ఎంత ఎక్కువుంటే ప్రమాదం అంత ఎక్కువ. "షార్ట్‌స్టాప్‌గా ఉండడు, మూడో బేస్‌కు వెళ్తాడు" అని రాసినా నిరాశ పడొద్దు. మానీ మచాడో షార్ట్‌స్టాప్‌గానే ఎదిగి, 2012లో డబుల్-ఏ నుంచి నేరుగా మేజర్ లీగ్‌కి వచ్చింది మూడో బేస్‌లోనే. పొడుగ్గా ఉంటే షార్ట్‌స్టాప్‌కి పనికిరాడని అనేవాళ్లకు కోరీ సీగర్‌ను చూపించు, ఆరడుగుల నాలుగంగుళాలు.

ఇంకొక మాట, ఇది నాకు ముఖ్యం. ఆ జట్టులో చాలామంది డొమినికన్ రిపబ్లిక్ నుంచో వెనిజువెలా నుంచో పదహారు, పదిహేడేళ్లకే ఒప్పందం చేసుకుని ఇల్లు వదిలి వచ్చినవాళ్లు. ఇంగ్లిష్ ఇక్కడే నేర్చుకుంటున్నారు. 2023 ఒప్పందంతో ఆ ఏడాది డబుల్-ఏ ఆటగాడి కనీస జీతం ఏడాదికి 30,250 డాలర్లు అయింది. వాల్కాట్‌లా మొదట్లోనే లక్షల డాలర్లు చేతికొచ్చేది కొద్దిమందికే. ఎర్రర్ చేసినప్పుడు నీ చుట్టుపక్కల ఎవరైనా అరిస్తే నువ్వు కలవకు. ఆట అయ్యాక కంచె దగ్గర నిలబడితే వాళ్లు పిల్లలకు ఆటోగ్రాఫులు ఇస్తారు. మీవాడి చేత "గ్రాసియాస్" అనిపించు, వాళ్ల ముఖాలు వెలుగుతాయి. రేంజర్స్ పిచర్ కుమార్ రాకర్ కూడా 2024లో ఇక్కడ ఆడి పైకి వెళ్లాడని, వాళ్ల అమ్మవైపు వాళ్లు మన దేశం నుంచి వచ్చినవాళ్లని కూడా చెప్పు.

జెర్సీ సంగతి: పేరుతో కొనకు. బాగా ఆడుతుంటే సీజన్ మధ్యలోనే రౌండ్ రాక్ పంపించేస్తారు, లేదా ఇంకో జట్టుతో మార్చుకుంటారు. జట్టు టోపీ కొనివ్వు. ఆటలు సాధారణంగా మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే జట్టుతో జరుగుతాయి కాబట్టి, వారం మధ్యలో ఒకసారి, వారాంతంలో ఒకసారి వెళ్తే అదే కుర్రాణ్ని వేర్వేరు పిచర్ల మీద చూడొచ్చు. ఎండాకాలం ఆదివారం ఆట పగటిపూట ఉంటే మాత్రం నీడ పడే వైపే సీటు అడుగు, టెక్సస్ ఎండ పిల్లలు తట్టుకోలేరు.