ప్రాంతీయ దుకాణాలు దేశమంతటా విస్తరిస్తే తమ సొంతదనాన్ని పోగొట్టుకుంటాయా?

పోగొట్టుకుంటాయనే నేనంటాను. సరుకు ఎవరి దగ్గర కొనాలో నిర్ణయించే అధికారం ఊళ్లోని మేనేజరు చేయి దాటిన రోజునే అది మొదలవుతుంది. ఈ సంగతి నాకు మా అనంతపురంలో బొరుగుల వల్ల తెలిసింది.

మా ఇంటికి రెండు వీధుల అవతల, అప్పట్లో నాలుగైదు జిల్లాలకే పరిమితమైన ఒక సంస్థ నడిపే సూపర్ మార్కెట్ ఉండేది. అక్కడి మేనేజరు బొరుగులను ఊళ్లోని బట్టీ నుంచే తెప్పించి, గోనెసంచి మూతి విప్పి తక్కెడ పక్కనే నిలబెట్టేవారు. ఆదివారం ఉగ్గాని (నానబెట్టిన బొరుగులతో చేసే మా సీమ టిఫిను) చేయదలచినవారు నాలుగు బొరుగులు నోట్లో వేసుకుని, ఉప్పు సరిపోయిందో లేదో, గింజ గట్టిగా ఉందో లేదో చూసి మరీ కొనేవారు. సంస్థ పొరుగు రాష్ట్రాలకు విస్తరించాక ఆ సంచి మాయమై, ఎక్కడో దూరపు గోదాములో నింపిన ప్లాస్టిక్ ప్యాకెట్లు వచ్చాయి. అవి భేల్‌పూరీకి పనికివచ్చే పలుచని రకం. మా అమ్మ అలవాటు ప్రకారం వాటిని నీళ్లలో ముంచి పిండేసరికి చేతిలో మిగిలింది ముద్ద. పప్పుల పొడి ఎంత చల్లినా అది విడివడలేదు. ఆ పూట మిరపకాయ బజ్జీలు మాత్రమే తిని లేచాము.

మరునాడు వెళ్లి అడిగితే ఆ పాత మేనేజరే, "ఏం చేసేది సార్, బట్టీ ఆయన సరుకుకు కోడ్ లేదు, కోడ్ లేనిది బిల్లు కాదు" అన్నారు.

ధర తగ్గాలంటే వంద కొట్లకూ కలిపి ఒక్కచోట కొనాలి. ఒక్కచోట కొనాలంటే వంద ఊళ్ల నోళ్లకూ ఒకే రుచి ఉందని నమ్మాలి. 1986లో హైదరాబాదులో మొదలైన త్రినేత్ర అనే సూపర్ మార్కెట్ల సంస్థ 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు చేతికి వెళ్లి, తరువాత "మోర్"గా మారింది. అలా పాత పేరు పోయినందుకు బాధపడేవారు ఉండవచ్చు గానీ, లోపల గోనెసంచి ఉంటే బోర్డు మీద ఏ పేరున్నా నాకు పట్టింపు లేదు.

సబ్బులు, నూనె ప్యాకెట్లు మునుపటికన్నా చవకగా దొరుకుతున్న మాట నిజమే కనుక, బిల్లు దగ్గర ప్రతిసారీ ఫోన్ నంబరు అడిగి విసిగిస్తున్నా, నెల సరుకులు ఇప్పటికీ ఆ కొట్టులోనే తెస్తున్నాను. బొరుగులకు మాత్రం నేరుగా బట్టీకే వెళ్తాను. అక్కడ ఆయన తూకం అయ్యాక, అడగకుండానే, ఇంకో గుప్పెడు కొసరు వేస్తారు.