పల్లేరుకాయలు దాటుకుని ఆఫీసుకు
సైకిలు, కాలినడకపై పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: ఏనుగొండ నుంచి టౌన్లోకి రోజూ సైకిలు మీద ఆఫీసుకు పోతున్నాను. పాత రకం 28 అంగుళాల బండి. నెలకు మూడు నాలుగు పంక్చర్లు. ప్యాచ్ వేయించిన మర్నాడే మళ్లీ గాలి పోతోంది. ఇట్లయితే మళ్లీ స్కూటరే దిక్కయ్యేలా ఉంది. ఏం చేయాలి?
– ఒక ప్రభుత్వోద్యోగి, మహబూబ్‌నగర్

జవాబు: అప్పుడే స్కూటరు బయటికి తీయకండి. మర్నాడే గాలి పోతోందంటే చాలాసార్లు తప్పు ప్యాచ్‌ది కాదు, ముల్లు ఇంకా టైరులోనే ఉంది. మన దిక్కు రోడ్ల అంచున పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్లు పరుచుకుని ఉంటాయి. పల్లేరుకాయ ఎట్లా పడ్డా ఒక ముల్లు పైకే నిలబడుతుంది. తుమ్మ ముల్లు టైరులో దిగి, బయట విరిగిపోయి, మొన మాత్రం లోపల మిగులుతుంది. కొత్త ట్యూబు వేసినా అదే చోట పొడుస్తుంది.

టైరు ఊడదీసే ముందు వాల్వుకు ఎదురుగా టైరు మీద చాక్‌పీసుతో గీత పెట్టండి. ట్యూబుకు గాలి కొట్టి నీళ్లలో ముంచితే రంధ్రం దొరుకుతుంది. అది వాల్వు నుంచి ఎన్ని జానల దూరంలో ఉందో, టైరులో ఆ గీత నుంచి ముల్లూ అంతే దూరంలో ఉంటుంది. ఎటువైపో తెలియకపోతే రెండు వైపులా చూడండి. టైరు లోపల దూది పెట్టి చుట్టూ తిప్పితే మొన ఉన్నచోట పోగు పట్టుకుంటుంది. ఉత్త వేలితో తడమొద్దు.

రంధ్రం ఎక్కడ పడిందన్నది కూడా ఒక ఆధారమే. ట్యూబు పైభాగాన ఉంటే ముల్లు. రిమ్ వైపు ఉంటే ముల్లు కాదు, లోపలి రిమ్ పట్టీ పక్కకు జరిగి స్పోకు తల గుచ్చుతోంది. పక్కపక్కనే రెండు చిన్న చీలికలు కనిపిస్తే గాలి తక్కువగా ఉన్నప్పుడు గుంతలో పడి ట్యూబు రిమ్ముకు నలిగింది. వాల్వు మొదట్లో చిరిగితే ప్యాచ్ నిలవదు, ట్యూబు మార్చాల్సిందే.

అసలు రంధ్రమే లేకుండా గాలి పోతుంటే మీ పాత రకం వాల్వులో ఉండే సన్నటి రబ్బరు గొట్టం చూడండి. ఎండకు అది ఎండి పగులుతుంది. వాల్వు మూతి మీద కాస్త ఉమ్మి రాస్తే బుడగ లేస్తుంది. ఆ రబ్బరు కొన్ని రూపాయలకే దొరుకుతుంది, నాలుగు ముక్కలు సీటు సంచిలో పెట్టుకోండి.

ప్యాచ్ ఇంట్లో వేసుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది సొల్యూషన్ (ప్యాచ్ అతికించే జిగురు) దగ్గర. రంధ్రం చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, ట్యూబు మీది అచ్చుగీత కూడా అరిగిపోయాక, సొల్యూషన్ పలుచగా రాసి 5 నిమిషాలు ఆరనివ్వాలి. వేలికి అంటనప్పుడే ప్యాచ్ పెట్టి గట్టిగా అదమాలి. తడి మీద పెడితే ఎండలో నిలబెట్టిన రోజే ఊడుతుంది.

ఇక ముల్లు దిగకుండా చూడడం. పాత ట్యూబును నిలువుగా చీల్చి, టైరుకూ ట్యూబుకూ నడుమ పట్టీలా వేయించండి. బండి కొంచెం బరువెక్కుతుంది, అయినా మన రోడ్లకు లాభమే. గాలి వారానికోసారి కొట్టండి, ఎంతో టైరు పక్కన అచ్చు వేసే ఉంటుంది. అన్నిటికన్నా ముందు, రోడ్డు అంచు పట్టుకుని పోకండి. ముళ్లు, గాజుపెంకులు చేరేది అక్కడే. అంచు నుంచి రెండు మూడు అడుగులు లోపలికి నడపండి. వెనక వచ్చే బండ్లకు మీరు కనబడేదీ అప్పుడే.

ప్రశ్న: మా బిడ్డ ఎనిమిదో తరగతి. బడి మూడు కిలోమీటర్లు, సగం దూరం మెయిన్ రోడ్డే. సైకిలు కొనిస్తే పంపొచ్చా? పొద్దుగూకేసరికి ఇల్లు చేరాలంటే భయంగా ఉంది.
– ఒక తల్లి, దేవరకొండ మండలం

జవాబు: పంపండి. మూడు కిలోమీటర్లంటే నడిస్తే నలభై నిమిషాలు, సైకిలు మీద పదిహేను. ఆటో కోసం నిలబడే టైమే అంతకంటే ఎక్కువ. అయితే ముందు వారం రోజులు మీరో, ఇంట్లో పెద్దవాళ్లెవరో పక్కన ఉండి తొవ్వ చూపించాలి. మెయిన్ రోడ్డుకు సమాంతరంగా బండ్లబాట ఉంటే, అర కిలోమీటరు ఎక్కువైనా అదే మేలు.

"పెద్దయ్యాక కూడా పనికొస్తుంది" అని పెద్ద బండి కొనకండి. సీటు మీద కూర్చుని మడమను కింది పెడలు మీద పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడలు మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొంచెం వంగుతుంది, అది సరైన ఎత్తు. బడిసంచి హ్యాండిలుకు తగిలిస్తే మలుపులో హ్యాండిలు లాగేస్తుంది, క్యారియర్ మీద కట్టాలి. చున్నీ నడుముకు ముడేయాలి, వెనక చక్రానికి గార్డు పెట్టించాలి. బ్రేకు లీవరు పూర్తిగా నొక్కినా హ్యాండిలుకు తగలకూడదు. వానలో ఇనుప రిమ్ మీద బ్రేకు సరిగ్గా పట్టదు, చాలా ముందు నుంచే ఆగి ఆగి నొక్కమనండి.

కోతల కాలంలో ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రయితే నల్ల పట్టా కప్పుతారు. చీకట్లో ఆ రాయీ కనబడదు, కుప్పా కనబడదు. అందుకే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. రెండు పెడళ్లకూ మెరిసే స్టిక్కర్లు అంటించండి, పైకీ కిందికీ కదులుతుంటే డ్రైవరుకు వెంటనే అది సైకిలని తెలుస్తుంది. నలుగురు పిల్లలు కలిసి వస్తే ఒకరి వెనక ఒకరు రావాలి. రోడ్డు దాటేటప్పుడు దిగి, తోసుకుంటూ దాటాలి.

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. కూరగాయలకు గడియారం సెంటర్ దాకా నడవాలని ఉంది. మోకాలి నొప్పి ఒకటి, ఫుట్‌పాత్ లేకపోవడం ఇంకొకటి. ఎవరిని అడగాలి?
– రిటైర్డ్ టీచర్, నల్గొండ

జవాబు: మోకాలి సంగతి ముందు. మొదటి వారం పది నిమిషాలు, తర్వాత వారానికి ఐదు నిమిషాలు పెంచండి. చేతికర్ర నొప్పి ఉన్న మోకాలి వైపు కాదు, రెండో వైపు చేతిలో పట్టుకోవాలి. చాలామంది తిరగేసి పట్టుకుంటారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మెడ, వెన్ను బిగుసుకుపోయిన పెద్దవాళ్లు మన జిల్లాలో చాలామంది ఉన్నారు. వాళ్లకు వెనక్కి తిరిగి చూడడం కష్టం కాబట్టి సైకిలు కన్నా నడకే క్షేమం. ఫుట్‌పాత్ లేనిచోట ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడివైపు నడవండి.

ఫుట్‌పాత్ గురించి అడగడం మీ హక్కు. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది. రోడ్ల కొలతలు, ప్రమాణాలు ఖరారు చేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలి, ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. టేపు తీసుకుని మీ వీధి కొలవండి. "ఫుట్‌పాత్ బాగాలేదు" అని రాస్తే ఆ దరఖాస్తు కదలదు. "ఫలానా ఇంటి ముందు నాలా మీద మూడు బండలు లేవు, ఫలానా చోట కరెంటు స్తంభం వల్ల రెండు అడుగులే మిగిలింది" అని ఫోటోలతో రాయండి. ఆ రోడ్డు మున్సిపాలిటీదా, ఆర్ అండ్ బీదా, జాతీయ రహదారుల వాళ్లదా ముందే కనుక్కోండి, లేకపోతే కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతుంది. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో ఇచ్చి రశీదు తీసుకోండి. జవాబు రాకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో చెప్పాలి.

ఒక మనవి. కూరగాయల బండ్ల వాళ్లను వెళ్లగొట్టమని రాయకండి. వాళ్లకు స్థలం గుర్తించి ఇవ్వాలని 2014 వీధి వ్యాపారుల చట్టమే చెబుతోంది. ఆ గుర్తింపు జరిపించమని అడగండి. మీరు నడిచి పోయేది కూడా వాళ్ల దగ్గరికే కదా.

ప్రశ్న: ఎలక్ట్రిక్ సైకిలుకు లైసెన్సు కావాలా?
– మిర్యాలగూడ

జవాబు: మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంతకు మించితే కావాలి. అమ్మేవాళ్ల మాట మీద కాక, బండి కాగితాల్లో ఆ అంకెలు చూసి కొనండి.

ప్రశ్న: ఏప్రిల్, మే నెలల్లో కూడా సైకిలు మీద పోవచ్చా?
– వనపర్తి

జవాబు: పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదు దాటాక. బయల్దేరే ముందే నీళ్లు తాగండి, దాహమయ్యేదాకా ఆగొద్దు. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ చాలా మేలు. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి, చెంచాలు చిన్నవి, తలగొట్టినవి. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా వెంటనే దిగి నీడకు చేరి, తడిగుడ్డ కప్పుకోండి. మాట తడబడితే 108కి ఫోన్ చేయించండి. ఆఫీసులో బండిని చెట్టు నీడన పెట్టండి, ఎండలో ప్యాచ్‌లు వదులవుతాయి.