ఆ రాత్రి తలుపు గడియ పెట్టకండి

ప్రశ్న: మేము ఆగస్టులో డబ్లిన్ వచ్చాం. హాలోవీన్‌కి పిల్లాణ్ణి దయ్యం వేషం వేసి పంపమని స్కూల్ నుంచి మెసేజ్ వచ్చింది. మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. "దయ్యాల పండగ మనకెందుకు, ఆ రాత్రి లైట్లు తీసేసి లోపల కూర్చుందాం" అంటున్నారు. ఏం చేయమంటారు?

పదిహేడేళ్ళ కిందట మేమూ అదే చేశాం. హాల్లో లైటు తీసేసి వంటింట్లో నక్కి కూర్చున్నాం. వేషాలేసుకున్న పిల్లలు మిఠాయిల కోసం వచ్చి బెల్లు కొట్టినప్పుడల్లా ఊపిరి బిగబట్టడమే. చివరికి మా పెద్దది "అమ్మా, మనం ఎవరికైనా బాకీ ఉన్నామా?" అని అడిగింది.

మర్నాడు పక్కింటి పెద్దావిడ వచ్చింది, మాకు ఒంట్లో బాగా లేదేమోనని. చేతిలో ఒక బ్రాక్. టీలో నానబెట్టిన ఎండుద్రాక్షలు వేసి చేసే రొట్టె అది, ముక్క కోసి వెన్న రాసుకుని తింటారు. ఆవిడ పుట్టింది ఐర్లండ్ పడమట మేయో వైపు పల్లెలో, 1940లలో. ఆ రోజు మా వంటింట్లో టీ తాగుతూ చెప్పిన కబుర్లే నా భయం పోగొట్టాయి.

వాళ్ళమ్మ బ్రాక్ పిండిలో ఒక ఉంగరం, ఒక నాణెం, ఒక గుడ్డపేలిక, ఒక పుల్ల కాగితంలో చుట్టి పెట్టేదట. ఉంగరం వచ్చిన వాళ్ళకి ఏడాదిలో పెళ్ళి, నాణెం వస్తే డబ్బు, పేలిక వస్తే పేదరికం, పుల్ల వస్తే మొగుడితో పడదు. "నాకు మూడేళ్ళు వరసగా పేలికే, నాలుగో ఏడు మా అన్న ముక్క మార్చేశాను" అని ఇప్పటికీ దొంగనవ్వు నవ్వుతుంది. దూలానికి దారం కట్టి ఆపిల్ వేలాడదీసేవారు, చేతులు వెనక్కి పెట్టుకుని నోటితో అందుకోవాలి. కోల్‌కానన్ అని, ఉడికించిన బంగాళాదుంపల్లో కేల్ ఆకు, బోలెడంత వెన్న వేసి మెదిపి, అందులోనూ చిల్లర దాచేవారు. మర్నాడు సకల పునీతుల పండగ కాబట్టి ముందు రోజు కాథలిక్కులు మాంసం ముట్టేవారు కాదు. మనకి అనుకూలమైన పండగే!

గుమ్మడికాయ దీపాల సంగతి ఎత్తితే మాత్రం ఆవిడకి కోపం. అప్పట్లో టర్నిప్‌లే. రాయిలాంటి దుంపని చెంచాతో గంటలకొద్దీ తొలిచి, కళ్ళూ నోరూ కోసి లోపల కొవ్వొత్తి పెడితే, మాడిన దుంప వాసన ఇల్లంతా నిండేదట. కాసల్‌బార్ దగ్గరి గ్రామీణ జీవన మ్యూజియంలో డోనెగల్ నుంచి వచ్చిన అలాంటి టర్నిప్ తాలూకు అచ్చు ఉంది. నిజంగానే ఝడుసుకునే మొహం. పిల్లలకి చూపించండి.

ఇక మీ అత్తగారికి చెప్పాల్సిన మాట. ఈ పండగకి మూలమంటున్న సావిన్ అనే పాత పండగ రాత్రి, పోయినవాళ్ళు ఇంటికి వస్తారని ఇక్కడి పాతకాలం వాళ్ళ నమ్మకం. పక్కింటావిడ వాళ్ళ నాయనమ్మ ఆ రాత్రి పొయ్యి ఆర్పనిచ్చేది కాదట, తలుపు గడియ పెట్టనిచ్చేది కాదట, పొయ్యి ముందు వాళ్ళ కోసం కుర్చీలు వేసి తను పోయి పడుకునేదట. అది వినగానే నాకు మా నల్గొండ వైపు పెత్రమాస గుర్తొచ్చింది. మనం పెద్దలకు పెట్టుకుంటాం, వీళ్ళు కుర్చీ వేస్తారు. అంతే తేడా. దయ్యం బొమ్మలు, ప్లాస్టిక్ సాలెగూళ్ళు అంగడి సరుకు, వాటిని చూసి ఏదో అనుకోకండి.

పనికొచ్చే సంగతులు కొన్ని. గడియారాలు వెనక్కి తిప్పేస్తారు కాబట్టి అక్టోబర్ 31న ఐదింటికే చీకటి, పిల్లలు అప్పటినుంచే మొదలవుతారు. విడివిడిగా ప్యాక్ చేసిన మిఠాయిలే పంచండి. రెండో ఏడు నేను ఉత్సాహపడి సున్నుండలు చేసి పంచాను. పొద్దున లేచి చూస్తే గోడ మీద ఏడు సున్నుండలు వరసగా పెట్టి ఉన్నాయి. తప్పు వాళ్ళది కాదు, విప్పి ఉన్న తిండి తీసుకోవద్దని తల్లిదండ్రులు చెప్పి పంపుతారు. జెల్లీ మిఠాయిల్లో చాలావాటిలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, శాకాహారులైతే ప్యాకెట్ చదవండి. పాతకాలంలో పిల్లలకి పంచింది మంకీ నట్స్, అంటే ఒలవని మన పల్లీకాయలే. ఇప్పుడు అలర్జీల భయం, వద్దు. బ్రాక్ కొంటే ఉంగరం ఉందో లేదో చూసి చిన్నపిల్లలకి మీరే ముక్క తుంచి పెట్టండి.

టపాసుల జోలికి మాత్రం పోవద్దు. దీపావళి దగ్గర్లోనే వస్తుంది, 2024లో అయితే ఒకే రోజు పడింది, మనవాళ్ళకి చెయ్యి ఆగదు. ఈ దేశంలో కాకరపువ్వొత్తుల్లాంటి చిన్నవి తప్ప మిగతావి లైసెన్స్ లేకుండా కొనడం, దగ్గర పెట్టుకోవడం, కాల్చడం నేరం. మనిషి మీదకో ఇంటి మీదకో వెలిగించి విసిరితే 10,000 యూరోల దాకా జరిమానా, ఐదేళ్ళ దాకా జైలు.

ఇంకోటి, వీలైతే ఇక్కడి జానపద సంగతులు దాచిన దూకస్ (duchas.ie) వెబ్‌సైట్ తెరవండి. 1937 నుంచి 1939 దాకా బడిపిల్లలు తమ ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడిగి రాసిన నోటుపుస్తకాలు అందులో ఉన్నాయి. మీ ఇల్లు ఉన్న కౌంటీ పేరు పెట్టి హాలోవీన్ అని వెతకండి. తర్వాత పక్కింటివాళ్ళని "మీ చిన్నప్పుడు ఎలా చేసేవాళ్ళు?" అని అడగండి. వాతావరణం గురించి తప్ప మాట్లాడని వాళ్ళు కూడా గంట కూర్చుంటారు.

మీ అత్తగారికి గుమ్మం దగ్గర కుర్చీ వేసి మిఠాయిల గిన్నె ఒళ్ళో పెట్టండి. మా అత్తగారు అలాగే సణుక్కుంటూ కూర్చున్నారు. మంత్రగత్తె వేషంలో వచ్చిన మూడేళ్ళ పిల్ల టోపీ కళ్ళ మీదకి జారిపోతుంటే, ఆవిడే వంగి సరిచేసి, రెండు చాక్లెట్లు ఎక్కువ వేశారు. ఎనిమిదింటికి గిన్నె ఖాళీ అయితే "ఇంకా ఎవరో వస్తున్నట్టుంది, ఇంకేం లేవా?" అని నన్ను కేకేశారు.