జంగిల్ బుక్ అంటే ఏ జంగిల్ బుక్? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఆయన చిన్నప్పుడు ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో చూసిన జంగిల్ బుక్‌ను మా పాపకు చూపించాలని ఒకటే పట్టు. టౌన్‌లో ఒక షాపులో 'జంగిల్ బుక్ కంప్లీట్' అని డీవీడీ కనిపిస్తే తీసుకున్నాం. గంటా ఇరవై నిమిషాల్లోపే అయిపోయింది, పైగా ఆ బొమ్మలే వేరు. మోసపోయామా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మోసం అనుకోవద్దమ్మా, తిరకాసంతా పేరు దగ్గరే ఉంది. రుడ్యార్డ్ కిప్లింగ్ పుస్తకం 1894లో వచ్చింది, ఆ తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్లు దాన్ని బొమ్మల కథగా తీసి అందరూ అదే పేరు పెట్టుకున్నారు. నిడివిని బట్టి చూస్తే మీ చేతికొచ్చింది 1967 నాటి డిస్నీ సినిమా అయ్యుంటుంది, అది 78 నిమిషాలు. మీ ఆయన చూసింది సీరియల్. జపాన్‌లో నిప్పన్ యానిమేషన్ వాళ్లు తీశారు, అక్కడ 1989 అక్టోబరు నుంచి 1990 అక్టోబరు దాకా వచ్చింది, మొత్తం 52 ఎపిసోడ్లు. మన దూరదర్శన్ 1993లో దాన్ని హిందీలో వేసింది. గుల్జార్ రాస్తే విశాల్ భరద్వాజ్ బాణీ కట్టిన ఆ టైటిల్ పాట, పులి షేర్‌ఖాన్‌కు నానా పటేకర్ గొంతు, ఇవన్నీ హిందీ కోసం ఇక్కడ చేసినవే. అందుకే ఇంగ్లిష్ డబ్బింగ్ డిస్కు ఎవరైనా తెచ్చిచ్చినా బొమ్మలు అవే ఉంటాయి గానీ ఆ పాట ఉండదు, మీ ఆయన ఎదురుచూసేది ఆ పాట కోసమే అయితే ముందే చెప్పేయండి.

ఇంకో చిక్కు ఉంది. 2010లో మన హైదరాబాద్‌లోని డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ వాళ్లు ఇదే పేరుతో త్రీడీ బొమ్మల సీరియల్ మొదలుపెట్టారు, అందులో కథలు చిన్నవి. అదీ బాగుంటుంది, పిల్లలు హాయిగా చూస్తారు, కాకపోతే మీరు వెతికేది అది కాదు. కాబట్టి ఈసారి కొనేముందు అట్ట వెనక్కి తిప్పి ఎవరు తీశారు, ఏ సంవత్సరం, ఎన్ని నిమిషాలు, ఏ భాష అని చూడండి, ముందువైపు బొమ్మను నమ్మొద్దు. 52 ఎపిసోడ్లంటే దాదాపు 20 గంటలు. మామూలు డీవీడీలో మంచి క్వాలిటీతో పట్టేది రెండు గంటల చిల్లర, అంటే మొత్తం సెట్టుకు తొమ్మిది పది డిస్కులైనా కావాలి. ఒకే డిస్కు మీద 'కంప్లీట్' అని ఉందంటే అది సినిమా అయినా అయ్యుండాలి, నాలుగైదు ఎపిసోడ్లయినా అయ్యుండాలి. దొరికాక మాత్రం మొదటి ఎపిసోడ్ నుంచే చూపించండి, పసివాడైన మోగ్లీ తోడేళ్ల మధ్య పెరిగి పెద్దవాడవడమే ఆ కథ, మధ్యలో మొదలుపెడితే పాపకు ఎవరు ఎవరో అర్థం కాదు.

ప్రశ్న: మావాడు ఛోటా భీమ్ తప్ప ఇంకోటి చూడడు. మా దగ్గరున్న డిస్కుల్లో కథలు టీవీలో వచ్చిన వరసలో లేవు. వరసగా యాడ దొరుకుతాయి? ఒకాయన 100 ఎపిసోడ్లు ఒకే డిస్కులో ఇస్తానంటున్నాడు, తీసుకోమంటారా?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: వరస కోసం తిరగొద్దన్నా, దీనికి అవసరమే లేదు. హైదరాబాద్‌లో రాజీవ్ చిలక పెట్టిన గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన సీరియల్ ఇది, 2008లో పోగో చానల్లో మొదలైంది. ఒక్కో కథ సుమారు 11 నిమిషాలు, భీమ్ ఉండే ఢోలక్‌పూర్‌లో ఏదో ఆపద వస్తుంది, భీమ్ లడ్డూ తిని బలం తెచ్చుకుంటాడు, కథ అక్కడికే ముగుస్తుంది. చుట్కీ, రాజు, జగ్గు, కాలియా ఎవరో ఒకసారి తెలిస్తే చాలు, ఏ కథ ముందు పెట్టినా ఇబ్బంది లేదు. డిస్కులు వేసేవాళ్లు కూడా అందుకే తమకు నచ్చిన కథలు కలిపి వాల్యూములుగా అమ్ముతారు.

ఆ 100 ఎపిసోడ్ల డిస్కు మాత్రం తీసుకోవద్దు. లెక్క మీరే చూడండి, 100 కథలంటే 1,100 నిమిషాలు, 18 గంటలు దాటుతుంది. వీసీడీలో పట్టేదే 80 నిమిషాలు, అంటే ఏడు కథలు. డీవీడీలో పదో పదకొండో. వందా కుక్కారంటే బొమ్మను పిండి పిండి చేసి ఉంటారు, పెద్ద టీవీలో మొహాలు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. అదీగాక అలాంటిది పైరసీ సరుకే అయ్యుంటుంది. మన హైదరాబాద్ ఆర్టిస్టులు కూర్చుని కష్టపడి చేసిన పని అది, ఆ డబ్బులో వాళ్లకు ఒక్క రూపాయి కూడా పోదు, నాకు దీని మీద నిజంగా కోపం వస్తుంది.

ప్రశ్న: మా మనవడికి రెండేళ్లు. హిందీ రాదు, ఇంగ్లిష్ రాదు, తెలుగే ఇప్పుడిప్పుడు వస్తోంది. వాడికి ఏది పెట్టాలి?
– ఒక అవ్వ, కడప

జవాబు: ఇదే భీమ్‌ను పాకే పిల్లాడిగా చూపించే 'మైటీ లిటిల్ భీమ్' 2019 నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో ఉందవ్వా. మాటలు దాదాపు ఉండవు, కాబట్టి భాషతో పని లేదు. ఒక్కటి చూపించి ఆపేయండి, పక్కనే కూర్చుని ఏం జరుగుతోందో మీరు తెలుగులో చెప్పండి, వాడికి మాటలు మీ నోటి నుంచే రావాలి.

ప్రశ్న: అమెరికా నుంచి మా చెల్లెలు పిల్లలకు కార్టూన్ డీవీడీలు పంపింది. మా ప్లేయర్‌లో పెడితే ఆడటం లేదు. పాడైనవా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పాడై ఉండవు. డీవీడీలకు రీజియన్ కోడ్ ఉంటుంది, అంటే ఏ ప్రాంతం ప్లేయర్‌లో ఆడాలో చెప్పే నంబరు. అమెరికావి 1, మనవి 5, నంబరు కలవకపోతే డిస్కు ఆడదు. 'ఆల్ రీజియన్' ప్లేయర్ అయితే ఆడతాయి. కంప్యూటర్‌లో రీజియన్ మార్చి చూడొచ్చు గానీ డ్రైవ్ ఐదుసార్ల వరకే మార్చనిస్తుంది, తర్వాత చివర పెట్టిన రీజియన్ దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఊరికే అటూ ఇటూ మార్చకండి. ఈసారి పంపేముందు అట్ట మీద రీజియన్ నంబరు చూడమని చెల్లెలికి చెప్పండి.