చెకుముకి రాయి పేరు కాదు

నిప్పు రాజేసే చెకుముకి అంటే రాయేనా, ‘చెక్కు’, ‘ముక్కు’ కలిసి పుట్టిన తెలుగు మాటేనా అని ఒకరు అడిగారు. రెండూ కాదండి.

మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా జేజినాయన (తాత) గొర్రెలు కాసేవాడు. మొలకు చిన్న తోలుసంచి ఎప్పుడూ వేలాడేది. అందులో తెల్ల పలుగురాయి ముక్క, గుప్పిట్లో ఇమిడే ఉక్కు బిళ్ళ, వెదురుగొట్టంలో కుక్కిన దూది. మూడూ కలిస్తేనే ఆయన లెక్కలో చెకుముకి. “చెకుముకి తేరా” అంటే రాయొక్కటే తీసుకుపోయినప్పుడు మళ్ళీ పంపాడు.

అసలు పనంతా దూదిది. కొత్త దూదికి రవ్వ సరిగ్గా అంటుకోదు, మాడి నల్లబడిన కొస ఉండాలి. అందుకే బీడీ ముట్టించుకున్నాక దూదిని నలిపి ఆర్పేవాడు కాదు. గొట్టంలోకి లాగి మూతిని బొటనవేలితో మూసేవాడు. గాలి ఆడక ఆరిపోయి, రేపటికి నల్లటి కొస మిగిలేది. మర్నాడు ఆ కొసను రాయి అంచున నొక్కిపట్టి ఉక్కుతో ఒక్క గీరు గీరేవాడు. ఎర్రటి చుక్క ఒకటి నిలబడేది. మెల్లగా ఊదితే పాకేది. ఆ రవ్వ రాయిలోంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. కాదు, పలుగురాయి అంచు గీకినప్పుడు ఉక్కు నుంచి లేచిన రజను గాలిలో మండుతుంది. మా జేజినాయన బిళ్ళ మధ్యలో అరిగి నెలవంకలా అయిపోయింది.

ఇక మాట సంగతి. దీని మూలం తుర్కీ. ఆ భాషలో ‘చక్’ అంటే కొట్టడం, రవ్వ రేపడం. ‘మక్’ క్రియ చివర చేరే ప్రత్యయం. టర్కీలో ఈరోజుకీ సిగరెట్ లైటర్‌ను ‘చక్మక్’ అనే అంటారు. ఫారసీ, ఉర్దూల మీదుగా మన దగ్గరికొచ్చి చకిముకి, చెకుముకి అయింది. మాకు పక్కనే ఉన్న బళ్ళారి వైపు పోతే కన్నడంలో ‘చకమకి’. వాళ్ళ పేపర్లలో ‘మాతిన చకమకి’ అని రాస్తే మాటామాటా పెరిగిందని అర్థం. అక్కడ రాయీ లేదు, దూదీ లేదు, కొట్టుకోవడమే ఉంది. నాకు ఈ మాటలో బాగా నచ్చేది అదే.

యాగాల్లో వాడే అరణి వేరు. అది కొయ్యతో కొయ్యను మథించి పుట్టించే నిప్పు, దాన్ని చెకుముకి అనరు.

జేజినాయన ఉక్కు బిళ్ళ మా ఇంట్లో ఇంకా ఉంది. రాయి లేదు. పలుగురాళ్ళు మా చేనిగట్ల మీద ఎన్నైనా దొరుకుతాయని దాన్ని ఎవరూ దాచలేదు.