సకినాలు బయట కొన్నారా!

హనుమకొండ గోపాల్‌పూర్ నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, గల్లీ వద్దన్నారు, రాయడం లేదు. సంగతి క్లుప్తంగా ఇది. కొడుకు మూడో తరగతి. ఇంటికి పది నిమిషాల నడకలో ఉన్న స్టేట్ సిలబస్ స్కూల్, ఏడాదికి 38 వేల ఫీజు. భర్త ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. ఎదురింటి ఆవిడ కిందటి జూన్‌లో తన కూతుర్ని ఊరి బయట ఉన్న పెద్ద సీబీఎస్‌ఈ స్కూల్‌కు మార్చింది. అక్కడ బస్సుతో కలిపి లక్షా పదిహేడు వేలు. ఈమె కూడా బాబును అక్కడికే మార్చాలనుకుంటున్నారు. పుట్టింటివాళ్లు పెట్టిన రెండు తులాల గొలుసు తాకట్టు పెట్టి మొదటి టర్మ్ కడతారట. ‘నా కొడుకు భవిష్యత్తు కోసం ఏ సిలబస్ మంచిదో చెప్పండి’ అని అడిగారు.

అమ్మా, మీరు అడిగినదానికి ముందే జవాబు చెప్పేసి పక్కన పెడతాను. బాబును ఉన్నచోటే ఉంచండి. 1959లో ఆర్‌ఈసీగా మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ ఎన్‌ఐటీ మన కళ్లముందే ఉంది కాబట్టి, పిల్లాడు పుట్టగానే ఆ గేటు వైపు చూడడం మన ఊళ్లో అందరికీ అలవాటైపోయింది. ఆ సీటుకు రాయాల్సిన జేఈఈలో అడిగేది పదకొండు, పన్నెండు తరగతుల పాఠాలు. మీవాడికి ఇంకా ఏడేళ్లుంది. నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పాను. నాలుగో తరగతికి వచ్చేవాడికి ఎక్కాలు రావాలి, భాగహారం రావాలి, తప్పు చేసిన లెక్కను వాడు దాచుకోకుండా తెచ్చి చూపించగలిగే టీచరు ఉండాలి. ఈ మూడూ ఉన్నాయని మీ ఉత్తరంలోనే ఉంది. అయిపోయింది మీ ప్రశ్న.

ఇప్పుడు అసలు ఉత్తరానికి వస్తాను. పెన్ను పట్టుకుని లెక్కపెట్టాను, పాత అలవాటు. నాలుగు పేజీల్లో మీ బాబు మాట ఆరుసార్లు వచ్చింది. మీ ఆయన మాట రెండుసార్లు: ‘ఆయనకు ఇవన్నీ పట్టవు’ అని ఒకసారి, ‘గొలుసు సంగతి ఆయనకు చెప్పలేదు’ అని ఇంకోసారి. ఎదురింటి ఆవిడ మాట ఇరవై మూడుసార్లు. ఆమె కొత్త చెప్పులు, ఆమె కూతురి టై, ఆమె ఫోన్‌లో ఇంగ్లిష్‌లో మాట్లాడడం. మూడో పేజీ చివర ఒక మాట రాసి కొట్టేశారు. కొట్టేసినా చదవడానికి వస్తోంది. ‘అక్క’ అని రాశారు మీరు.

దాని కిందే, స్కూల్‌తో ఏ సంబంధమూ లేని ఒక వాక్యం ఉంది. ‘ఈసారి సంక్రాంతికి సకినాలు కూడా బయటే కొన్నాను.’ నేను అక్కడే ఆగిపోయాను.

మన వైపు సకినాలు ఒక్క మనిషి చేసేవా? పిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, నేల మీద పాత నూలు చీర పరిచి, చుట్టూ నలుగురు కూర్చుంటే గాని తెమలవు. ఎదురింటి ఆవిడకు చుట్టు తిరగదని, పిండి చేతిలోనే తెగిపోయేదని, అందుకే మీరు చుడుతుంటే ఆమె పొయ్యి దగ్గర కూర్చునేదని మీరే రాశారు. ఐదు సంక్రాంతులు అలా గడిచాయి. పిల్లలిద్దరూ చీర అంచు తొక్కి పచ్చి సకినాలు విరగ్గొడితే ఇద్దరు తల్లులూ కలిసి తిట్టేవారు. బతుకమ్మకు తంగేడు, గునుగు తెచ్చిన సంచి ఒకటే ఉండేది. కిందటి సద్దులనాడు మాత్రం మీరు మీ గల్లీలో ఆడకుండా ఆడబిడ్డతో పద్మాక్షి గుట్ట దగ్గరికి వెళ్లారు. ఏమ్మా, అంత జనంలో మీకు ఏం ఆట సాగింది?

మీకు మంట ఎక్కడ పుట్టిందో కూడా మీరే రాశారు. జూన్ 12, బడులు తెరిచిన రోజు. పొద్దున్నే ముగ్గు వేస్తున్నారు. పసుపు బస్సు ఒకటి మీ ఇంటి ముందు నుంచి పోయి ఎదురింటి దగ్గర ఆగింది. కొత్త యూనిఫామ్‌లో పాప ఎక్కింది. వాళ్లమ్మ చెయ్యి ఊపి, మీ వైపు చూసి, లోపలికి వెళ్లిపోయింది. అప్పటిదాకా మీకు ఆ సంగతే తెలియదు. అంతకు వారం ముందు కూడా ఇద్దరూ కలిసి కూరగాయల బండి దగ్గర బేరం ఆడారు.

చెప్పకుండా చేర్పించింది. అదీ మీ బాధ. లక్షా పదిహేడు వేలు కాదు, సిలబస్ కాదు.

ఆమె చేసింది తప్పే. అంత దగ్గరి మనిషి నోటితో ఒక్క మాట చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు, మీకూ తెలియదు. మార్కెట్ గుమాస్తా జీతం ఎంతో ఆమెకు తెలుసు, మిర్చి సీజన్ అయిపోయాక మీ ఇల్లు ఎలా గడుస్తుందో కూడా తెలుసు. చెబితే మీ మనసు చిన్నబోతుందని ఆగిందేమో. లేదా గొప్పకే పోయిందేమో. ఫీజుకు ఏ బావ దగ్గరో చెయ్యి చాచి, ఆ సంగతి అడుగుతారని తప్పించుకుందేమో. తొమ్మిది నెలలు మీరు ఆమె గడప తొక్కకుండా, అడగకుండా, జవాబు మాత్రం మీకు మీరే రాసుకున్నారు.

ఈ సందులో ఆ స్కూల్ పీఆర్‌ఓ వచ్చాడు. ‘ఎదురింటి మేడం వాళ్ల పాపను మాకే ఇచ్చారు, మీరింకా ఆలోచిస్తున్నారా’ అన్నాడట. చూశారా, ఎక్కడ నొక్కాలో అక్కడే నొక్కాడు. అతణ్ని ఏమీ అనను. అడ్మిషన్ల కాలంలో ప్రైవేటు స్కూళ్లు టీచర్లకు కూడా టార్గెట్లు పెట్టి ఎండలో ఇంటింటికీ తిప్పుతాయి. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి నెత్తిన చున్నీ కప్పుకుని, చేతిలో పాంప్లెట్లతో మా గుమ్మంలోకే వచ్చింది. నన్ను చూసి అవి వెనక్కి దాచుకుంది. మజ్జిగ ఇచ్చి పంపాను.

కానీ మీరు చేసిన పని మాత్రం నాకు మింగుడుపడలేదు. ఇంట్లో చెప్పకుండా బాబును ఆ స్కూల్‌కు తీసుకెళ్లి టెస్ట్ రాయించారు. ‘బేసిక్స్ వీక్, అయినా చూద్దాం’ అన్నారట వాళ్లు. బయటికి వచ్చి గేటు దగ్గరే వాడి వీపు మీద కొట్టారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ వయసు పిల్లలకు అడ్మిషన్ కోసం పరీక్ష పెట్టనే కూడదు. తల్లిదండ్రుల్ని ఇంటర్వ్యూ చేయకూడదు. మొదటిసారి పట్టుబడితే స్కూల్‌కు 25 వేల దాకా జరిమానా, ఆ తర్వాత పట్టుబడిన ప్రతిసారీ 50 వేల దాకా. అంటే వాళ్లు పెట్టకూడని పరీక్షలో తప్పినందుకు మీవాడు దెబ్బ తిన్నాడు. అది నిజానికి ఎవరికి పడాల్సిన దెబ్బో మీకు తెలుసు. పాపం, వాడు దగ్గర్లో ఉన్నాడు.

వాడు మిమ్మల్ని అడిగాడట, ‘ఆంటీ వాళ్లింటికి ఇంకెప్పుడూ పోవద్దా’ అని. ఒకప్పుడు ఆమె ఇంటి మెట్ల మీద కూర్చునే కదా ఇద్దరూ హోంవర్క్ చేసేవాళ్లు. ఆ ప్రశ్నకు మీరేం చెప్పారో ఉత్తరంలో లేదు.

గొలుసు సంగతి. అది మీదే, కాదనను. తాకట్టు పెట్టే హక్కు కూడా మీదే. కానీ మీ ఆయనకు తెలియకుండా పెడితే, వడ్డీ కట్టే ప్రతి నెలా ఇంట్లో ఒక అబద్ధం ఆడాలి. ఏ పెళ్లికో మెడ బోసిగా వెళితే ఇంకొకటి. పైగా అది ఒక్క ఏడాది ఫీజు కాదు, పదో తరగతి దాకా ఏటేటా కట్టాలి, గొలుసు మాత్రం ఒక్కటే ఉంది. ‘ఆయనకు ఇవన్నీ పట్టవు’ అని రాశారు గాని, పట్టించారా? ఎండాకాలం మిర్చి బస్తాల మధ్య, ఆ ఘాటులో పొద్దంతా నిలబడి వచ్చే మనిషి కొడుకు చదువు గురించి ఆలోచించడని నేను నమ్మను. ఈ రాత్రి అన్నం పెట్టేటప్పుడు చెప్పండి. టెస్ట్ సంగతి, దెబ్బ సంగతి కూడా. కోప్పడితే పడనివ్వండి.

ఎదురింటికి మాత్రం మీరే ముందు వెళ్లాలి. ‘తప్పు ఆమెది, నేనెందుకు వెళ్లాలి’ అంటారు, తెలుసు. ఆత్మగౌరవం గురించి నాకూ పట్టింపు ఎక్కువే. అత్తింట్లో మాట పడలేక ఒకసారి బట్టలు సర్దుకుని వచ్చేసినదాన్ని. కానీ తొమ్మిది నెలలుగా కిటికీ రెక్క చాటు నుంచి ఆమె చెప్పులు చూస్తూ కూర్చోవడంలో ఏం గౌరవం ఉందో నాకైతే కనిపించడం లేదు. వెళ్లగానే స్కూల్ మాట ఎత్తకండి. ఫీజెంత అని అసలే అడగకండి. కూర్చున్నాక, టీ తాగాక, ‘నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదక్కా’ అని అడగండి. ఏడుపు వస్తే రానివ్వండి. ఆమె గొప్పలు మొదలుపెడితే టీ తాగి వచ్చేయండి, ఆ తర్వాత ఆమె చెప్పుల సంగతి మీకు అక్కర్లేదు.

ఉట్టిచేతులతో ఎలా వెళ్లాలంటారా? పోయిన మేలో ఆమె మామిడికాయ తొక్కు పంపిన స్టీలు డబ్బా ఇంకా మీ వంటింట్లోనే బోర్లించి ఉందని రాశారు. సోలెడు బియ్యం నానబెట్టండి. పండగ పోతే పోయింది, ఖాళీ డబ్బా ఇస్తామా?