కాళ్లకన్నా ముందు చేతులు చూపించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అన్నయ్య గీత కార్మికుడు. ఏడేళ్ల క్రితం తాటిచెట్టు మీద నుంచి పడటంతో వీపు మధ్యలో వెన్నుపాము దెబ్బతిని, కింది భాగమంతా స్పర్శ, కదలిక లేకుండా పోయింది. కాళ్లు పుల్లల్లా సన్నబడ్డాయి. అయినా అప్పుడప్పుడు వాటంతటవే ఎగిరిపడుతుంటాయి. ఈమధ్య రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయంటున్నాడు. నరాలన్నీ ఎండిపోతున్నాయా? కండరాలకు కరెంటు పెట్టే యంత్రం కొనమంటారా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: మీ అన్నయ్యకు దెబ్బతిన్నది మెదడు నుంచి కిందికి వచ్చే దారి. ఆ కింద వెన్నుపాములో కాళ్లను కదిలించే నరకణాలు, వాటి నుంచి కండరాల దాకా వెళ్లే నరాలు చాలావరకు మిగిలే ఉంటాయి. మెదడు అదుపు తప్పిన ఆ నరాల వల్లనే కాళ్లు ఎగిరిపడుతున్నాయి తప్ప, అది బలం తిరిగి వస్తోందనడానికి గుర్తు కాదు. ఏళ్ల తరబడి పని లేకపోవడంతో కండరం కుంచించుకుపోయి మధ్యలో కొవ్వు చేరుతుంది. ఎక్కువసేపు పనిచేయగల నారలు తగ్గి, త్వరగా అలసిపోయేవి పెరుగుతాయి.

యంత్రం ఇలాంటి కండరాలను కదిలించగలదు, కొంత కండ కూడా పెంచగలదు. కానీ నడక తెప్పించదు, వాడకం మానితే పెరిగిన కండ మళ్లీ తగ్గిపోతుంది. పైగా మోకాళ్ల దగ్గర ఎముకలు బాగా పలచబడి ఉంటాయి కనుక ముందు ఎముకల సాంద్రత పరీక్ష చేయించి, ఫిజియోథెరపిస్టు ఎదుట వాడి చూశాకే కొనండి. నడుము దగ్గర, వెన్నుపాము చివరి భాగం దెబ్బతిన్నవారిలో నరకణాలే పోతాయి కాబట్టి కాళ్లు వదులుగా వేలాడతాయి, మామూలు యంత్రానికి స్పందించవు.

నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది మీరు చివర్లో రాసిన తిమ్మిర్లే. ఇలాంటి వారి చేతుల సంగతి అడిగే డాక్టర్లు తక్కువ. చక్రాల కుర్చీ తోస్తూ, మంచం మీదికి మారేటప్పుడు మణికట్టు వెనక్కి వంచి ఒళ్లంతా అరచేతి మీద మోపుతుంటే, మణికట్టులోని మీడియన్ నరం నలిగి సరిగ్గా ఆ వేళ్లే తిమ్మిరెక్కుతాయి. నరాల పరీక్షతో ఇది తేలుతుంది. రాత్రిపూట మణికట్టును తిన్నగా ఉంచే పట్టీ కట్టుకోవడం, కుర్చీకీ మంచానికీ మధ్య నున్నటి పలక వేసి జరగడం మేలు చేస్తాయి. ముదిరితే ఆపరేషన్ అవసరమవుతుంది; ఆ తర్వాత కొన్ని వారాలు ఆ చేతి మీద బరువు మోపకూడదు కనుక, చేతులే ఆధారమైన మనిషికి అది చాలా కష్టం. షుగరు, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. చేతికి వేడి, చల్లదనం తెలియకపోయినా, స్పర్శ లేని హద్దు పైకి పాకుతున్నా వెన్నుపాములో నీటితిత్తి ఏర్పడుతోందేమోనని అనుమానించి, ఆలస్యం చేయకుండా ఎమ్మారై తీయించాలి.